సేనానియు, రాజ్యాధికారమును

యుద్ధమున గెలిచిన సేనానికి దేశము రాజ్యాధికారము నొసగుట చరిత్రలో క్రొత్త కాదు. 1944లో నార్మండీ తీరమున మిత్రసేనలను దింపిన ఐసెన్‌హోవరు, 1952లో ప్రజల వోటుతో అమెరికా అధ్యక్షుడుగా నెన్నికయ్యెను. హైదరాబాదు సంస్థానమునకు వచ్చిన సేనాని త్రోవ వేరు. 1948 సెప్టెంబరు 13న షోలాపురము వైపునుండి దండు నడపిన మేజర్ జనరల్ జయంతనాథ చౌధురి, 18న నిజాము సేనాపతి ఎల్ ఎద్రూసు లొంగుబాటును స్వీకరించెను. పిదప సైనిక గవర్నరై 1949 చివరి వరకు సంస్థానమును పాలించెను.

ఆ పాలనలో రజాకార్ల భీతి తొలగెను. 1949 ఆగస్టులో జాగీరులు రద్దయ్యెను. ఇవి మరువరాని మేళ్లు. అయినను రాజధాని చెంతనున్న రావిర్యాలలోగాని, దూరపు మరాఠ్వాడాలోగాని, పాలకుని నెన్నుకొనుటకు రైతునకు వోటు లేకుండెను. సైనికచర్య వెంట జరిగిన ముస్లిముల హత్యలపై పండిత సుందరలాలు సంఘ మొసగిన నివేదిక దశాబ్దములు వెలుగు చూడలేదు. తెలంగాణ పల్లెలలో సేన సాగించిన నిర్బంధములకు సంజాయిషీ యడుగుటకు ప్రజాశాసనసభయు లేదు.

సేనాని గుణదోషములకంటె పెద్ద విషయ మొకటి గలదు: పాలకుని నిలదీయు హక్కు ప్రజలకుండవలెను. ఆ హక్కు 1952 ఎన్నికలతో, బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గముతో హైదరాబాదు ప్రజలకు దక్కెను. చౌధురియు 1962లో భారత సైన్యాధిపతియై, పౌరప్రభుత్వము క్రిందనే పనిచేసి, 1966లో విరమించెను.

దేశమునకు సేనానివంటి పాలకుడు కావలెనని నేడు తలచు యువకులకు మా మనవి యొక్కటే. విజేత మెడలో పూలమాల వేయుడు. అధికారమును మాత్రము వోటుచేతనే యొసగుడు, వోటుచేతనే తిరిగి తీసికొనుడు.