ముదిమికి సామూహిక వ్యాయామం

వ్యాయామం యువకుల సొత్తన్న భావన మన సమాజంలో బలంగా నాటుకొన్నది. వృద్ధులకు విశ్రాంతియే గౌరవమని తలచి, వారిని కుర్చీకి పరిమితం చేస్తున్నాము. అది ప్రేమయే కాని శ్రేయస్కరం కాదు. కదలని కండరం క్షీణిస్తుంది; ఒకసారి జారిపడితే తుంటి విరిగి మంచమే శరణ్యమవుతుంది.

65 ఏండ్లు నిండినవారు వారానికి కనీసం 3 రోజులు కండబలాన్ని, శరీరపు నిలకడను పెంచే వ్యాయామాలు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. జపానులో 1928లో ఆరంభమైన రేడియో వ్యాయామం నేటికీ వృద్ధులను ఉదయమే ఒకచోట చేరుస్తున్నది. ఒంటరిగా చేసేవాడు నాలుగు రోజులకే మానుకొంటాడు. పదిమందితో చేసేవాడు రాకపోతే ఇంటికి కబురు వస్తుంది.

మన కళాశాల మైదానం ఉదయవేళ ఖాళీగానే ఉంటున్నది. కమిటీ పెద్దలు దానిని వారానికి 3 రోజులు పేటలోని వృద్ధులకు తెరిపించి, స్త్రీలకు వేరుగా సమయం కేటాయించవలెను. విద్యార్థులారా! మీ ఇంటి దాదాలను, నానీలను చేయిపట్టి తోడ్కొని రండి.