పొద్దుగాల వేళ్లు మడుస్తలేవా? పెద్ద డాక్టర్ దాకా పంపేది ఎవలు?

మా అక్క బీడీలు చేస్తది. ఓ చలికాలం తెల్లారి లేస్తె వేళ్లు ముడుసుకపోయి ఉండేటివి. గంటన్నర దాకా పిడికిలి పట్టరాకపోతుండె. "ఆకు కత్తిరిచ్చి కత్తిరిచ్చి అట్లయింది" అన్నరు అందరు. ఆర్‌ఎంపీ సూది ఏసిండు, నాలుగు దినాలు మంచిగైంది. మల్ల అదే కత. టౌన్ల ఓ డాక్టర్ రక్త పరీక్ష చేయించి "ఫ్యాక్టర్ నెగెటివ్, కీళ్లవాతం లేదు" అని పంపిండు. రెండేండ్లకు పట్నంల రుమటాలజిస్ట్ దగ్గరికి పోయేసరికి వేళ్లు వంకరపోయినయి.

తప్పు అక్కది కాదు. ఎప్పుడు, ఎవలి దగ్గరికి పోవాల్నో చెప్పినోళ్లు లేరు.

ముందుగాల ఒక తేడా తెలుసుకోవాలె. ఎముక ఇరిగితె, మోకాలు అరిగితె ఆర్థోపెడిక్ డాక్టర్. ఒంట్లె రక్షణ వ్యవస్థనే తిరగబడి కీళ్ల మీద పడితె రుమటాలజిస్ట్. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఆడోళ్లకు మగోళ్ల కంటె రెండు మూడు రెట్లు ఎక్కువ. అరుగుదల నొప్పి పని చేస్తె పెరుగుతది, కూసుంటె తగ్గుతది. ఇది ఉల్టా: పండుకొని లేస్తె ఎక్కువ, కదిలిస్తె తగ్గుతది.

ఎప్పుడు పంపాలె? చేతుల, కాళ్ల చిన్న కీళ్లు వాస్తె, ఒకటి కంటె ఎక్కువ కీళ్లు పడితె, పొద్దుగాల బిగుసుడు అరగంట దాటితె ఆగొద్దు. యూరప్ రుమటాలజీ డాక్టర్ల సంఘం చెప్పేది, లక్షణాలు మొదలైన 6 వారాల లోపు రుమటాలజిస్ట్ చూడాలని, 3 నెలల లోపు మందు మొదలు కావాలని. ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినా పంపాలె. రోగం ఉండి కూడ ఆ పరీక్షల దొరకనోళ్లు మస్తుమంది ఉంటరు. వాపును చేతితోటి ఒత్తి చూడాలె గని, కాయితం చూసి తీర్పు చెప్పొద్దు.

స్టెరాయిడ్ సూదితోటి వాపు దిగుతది, రోగం పోదు. పైగ డాక్టర్ చూసేనాటికి వాపు కానరాక రోగం దొరకదు. అసలు మందు మెథోట్రెక్సేట్. ఖరీదైంది కాదు. గని వారానికి ఒక్కసారే ఏసుకోవాలె. రోజూ ఏసుకుంటె పానానికే ముప్పు. కడుపుతోని ఉన్నోళ్లు ఏసుకోవద్దు. రక్త పరీక్షలు చేయించుకుంట ఉండాలె. అంటె దగ్గర్ల చూసేటోళ్లు ఉండాలె.

గా చూసేటోళ్లే లేరు. ఎండీ అయినంక ఇంకో 3 ఏండ్లు డీఎం చదివినోళ్లు ఎక్కువ పట్నంలనే ఉంటరు. నిమ్స్‌ల విభాగం ఉంది, నిజమే. గని బీడీలు చేసే మనిషి ఒక దినం కూలి ఇడిచి, బస్సు కిరాయి పెట్టుకొని, తోడొకరిని తీస్కొని ఎన్నిసార్లు పోతది?

జిల్లాకో మెడికల్ కాలేజీ అన్నరు. మంచిదే. అండ్ల వారానికి ఒక్క రోజు రుమటాలజీ ఓపీ పెట్టుర్రి. పీహెచ్‌సీ డాక్టర్‌కు ఎవలిని ఎప్పుడు పంపాల్నో ఒక పేజీల రాసియ్యుర్రి. మిగితా రోజులల్ల వీడియోల చూపియ్యుర్రి. గిది కోట్ల ముచ్చట కాదు, మనసు ముచ్చట.

తమ్ముడూ, చెల్లే, ఇయ్యాల ఇంట్ల అమ్మను ఒక్క మాట అడుగుర్రి: "పొద్దుగాల లేస్తె వేళ్లు ఎంతసేపటికి వదులైతయే?" అరగంట దాటుతది అంటె, ఇంకో సూది ఏపియ్యకుర్రి. వాపు కనబడే దినం ఫోన్ల ఫొటో తీసి, చీటీ రాయించుకొని తీస్కపోర్రి.