తోలు ముట్టిన చేతులు

స్టాక్‌హోమ్ సంగీత మందిరం ముందు కార్ల్ మిల్లెస్ మలచిన ఆర్ఫియస్ కాంస్య విగ్రహం 1936 నుంచి నిలిచి ఉంది. ఆ పురాణ గాయకుని చేతిలో ఉన్నది లైర్ అనే తంత్రీవాద్యం. దాని పుట్టుక కథను నా విద్యార్థులకు తరచూ చెబుతుంటాను. తొలి లైర్‌ను చేసినవాడు హెర్మీస్ దేవుడు. తాబేలును చంపి, దాని చిప్పకు గొర్రె పేగుల తీగలు బిగించాడు. అయినా అతనికి మైల అంటలేదు.

మన మృదంగానికీ పశుచర్మమే ప్రాణం. ఆ తోలును శుభ్రపరిచి, బిగించి, నాదం పలికించే దళితుణ్ణి మాత్రం అంటరానివాణ్ణి చేశాం. జాతరకు డప్పు కావాలి. డప్పు కొట్టేవారు మాత్రం ఊరి వెలుపలే ఉండాలి. నాదం పవిత్రమైతే, దానిని పుట్టించిన చేతులు అపవిత్రం ఎలా అయ్యాయి?

కచేరీ వేదికపై విద్వాంసునితో పాటు వాద్యం చేసినవారి పేరునూ ప్రకటించాలి. అది దయ కాదు, తరతరాల బాకీ.