ఫార్మాట్ చేసే ముందు కారణం చెప్పాలి

సంపాదకులు గారికి,

గత సంచిక ప్రశ్నలు-జవాబుల పేజీలో ఒక పాఠకురాలి ప్రశ్న చదివాను. అమెరికాలో ఉన్న కొడుకు ఐఫోన్‌తో తీసి పంపిన మనవడి వీడియోలు ఇంట్లో కంప్యూటర్‌లో పెడితే మాటలు వినిపిస్తున్నాయి గానీ బొమ్మ రావడం లేదని ఆమె రాశారు. కంప్యూటర్ పాతబడింది, ఒకసారి ఫార్మాట్ చేయించండి, అప్పటికీ కాకపోతే కొత్తది కొనుక్కోండి అని మీరు జవాబిచ్చారు. నేను తెనాలిలో చాలా ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఆ జవాబు తప్పు. దాన్ని నమ్మి ఫార్మాట్ చేయిస్తే ఆ ఇంటికి నష్టం కూడా. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాటలు వినిపిస్తున్నాయంటేనే సగం విషయం తేలిపోయింది. ఫైలు తెరుచుకుంది, డిస్కు చదువుతోంది, స్పీకర్లు బాగున్నాయి. బొమ్మను విప్పి చూపించాల్సిన కోడెక్ ఒక్కటే ఆ కంప్యూటర్‌లో లేదు. ఫైలు పేరు చివర ఎంపీ4 అనో ఎంఓవీ అనో కనిపించేది వంటింటి డబ్బా లాంటిది. లోపలున్నది ఉప్పో పంచదారో మూత చూసి చెప్పలేం. చాలాకాలం లోపల ఉండేది హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతి. 2003లో వచ్చిన ఆ పద్ధతిని ఆడించలేని కంప్యూటర్ ఇవాళ మా షాపుకు దాదాపు రాదు. 2013లో దాని తర్వాతి తరం హెచ్.265 వచ్చింది. హెచ్‌ఈవీసీ అన్నా అదే. అంతే నాణ్యత దాదాపు సగం సైజులో ఇమిడిపోతుంది కాబట్టి 2017లో ఐఓఎస్ 11తో ఆపిల్ దాన్ని తెచ్చింది. ఐఫోన్ 7, ఆ తర్వాతి ఫోన్లు మనం ఏమీ మార్చకపోతే అందులోనే తీస్తాయి.

ఆమె కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 10 అయితే దాని సంగతి వేరు. హెచ్.265 మీద పేటెంట్లున్నాయి, వాడుకోవాలంటే రుసుము కట్టాలి. అందుకని మైక్రోసాఫ్ట్ ఆ కోడెక్‌ను తన స్టోర్‌లో విడిగా పెట్టింది. అమెరికాలో దాని ధర 99 సెంట్లు. కొన్ని కంపెనీ లాప్‌టాప్‌లలో ముందే వేసి ఇస్తారు. విడిభాగాలు కొని షాపులో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లో మనం వేసుకుంటే తప్ప ఉండదు. ఇంకో తికమక కూడా ఉంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియోను ఆ యాప్ కుదించి హెచ్.264గా మార్చేస్తుంది, కాబట్టి అది ఆడుతుంది. నాణ్యత తగ్గకూడదని కొడుకు అదే వీడియోను డాక్యుమెంట్‌గానో గూగుల్ డ్రైవ్‌లోనో పంపితే అసలు ఫైలే వస్తుంది, బొమ్మ పడదు. నిన్నటిది ఆడింది, ఇవాళ్టిది ఆడలేదు, కాబట్టి కంప్యూటరే పాడైందని పెద్దవాళ్లు అనుకోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు ఫార్మాట్ చేస్తే ఏమవుతుంది? కొత్తగా వేసిన విండోస్ 10లో కూడా ఆ కోడెక్ ఉండదు. డబ్బు పోయాక కూడా అదే వీడియో అలాగే బొమ్మ లేకుండా వినిపిస్తుంది. హడావిడిగా ఫార్మాట్ చేసినచోట గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగా వేయరు. అప్పుడు వీడియో భారమంతా ప్రాసెసర్ మీద పడి, అంతకుముందు బాగా ఆడిన యూట్యూబ్ కూడా ఆగి ఆగి రావడం మొదలవుతుంది.

నా అసలు బాధ అది కాదు. ఫార్మాట్ అంటే సీ డ్రైవ్ తుడిచేయడం. "డీ డ్రైవ్‌లోవి ఉంటాయి లెండి" అని షాపులో చెబుతారు. ఇళ్లలో ఎక్కువమంది ఫోటోలు పెట్టుకునేది డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో. అవి రెండూ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. పోయిన తండ్రిగారి ఫోటోలు, పొలం పాస్‌పుస్తకం స్కాన్ కాపీలు, పిల్లల సర్టిఫికెట్లు ఇలా పోగొట్టుకుని వచ్చినవాళ్లను చూశాను. కోడెక్ లేదని ఇంటి జ్ఞాపకాలు తుడిచేయడం ఏం న్యాయం?

ఆ పాఠకురాలికి చెప్పాల్సిన జవాబు చిన్నదే. వీఎల్‌సీ ప్లేయర్ వేసుకోమనాలి. 1996లో పారిస్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు మొదలుపెట్టిన పని నుంచి పుట్టిన ఆ ప్లేయర్ కోడెక్‌లను తన వెంటే తెచ్చుకుంటుంది, పైసా అడగదు. ఒక్క జాగ్రత్త, దాన్ని తయారుచేసే వీడియోలాన్ వారి సొంత సైటు నుంచే దించుకోవాలి. 2022లో కొన్ని నెలలు ఆ సైటు మన దేశంలో తెరుచుకోలేదు, నవంబరులో మళ్లీ తెరుచుకుంది. అది అందనప్పుడు ఎక్కడపడితే అక్కడ దించుకునే ప్రమాదం ఉంటుంది. "ఈ వీడియో చూడాలంటే ఈ కోడెక్ వేసుకోండి" అని ఆశపెట్టి వైరస్‌లు ఎక్కించే మోసం 2005, 2006 నాటి నుంచీ ఉన్నదే.

కొడుకు చేయగలిగింది కూడా ఒకటుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి "మోస్ట్ కంపాటిబుల్" ఎంచుకుంటే ఇకపై తీసేవి హెచ్.264లో వస్తాయి. సెకనుకు 60 ఫ్రేముల 4కే మాత్రం ఆ సెట్టింగ్‌లో తీయలేరు. మనవడి మొదటి అడుగులు చూడటానికి అది అక్కర్లేదు.

కంప్యూటర్ నిజంగా చాలని సందర్భాలు లేకపోలేదు. హెచ్.265ను గ్రాఫిక్స్ భాగమే స్వయంగా విప్పే శక్తి ఇంటెల్ ప్రాసెసర్లలో 2015 నాటి ఆరో తరంలో వచ్చింది, కొత్త ఐఫోన్ల హెచ్‌డీఆర్ వీడియోలు వాడే 10 బిట్ రకానికి ఏడో తరం కావాలి. అంతకంటే పాతదాంట్లో 4కే వీడియో పెడితే వీఎల్‌సీలో కూడా బొమ్మ వెనకబడి మాటలు ముందుకు పోవచ్చు. అక్కడ కూడా నేను కొత్తది కొనమనను. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫైలును 1080పీ హెచ్.264గా మార్చుకోవచ్చు. పాత మెషిన్ మీద చాలాసేపు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే సరి.

యూట్యూబ్ ఆగి ఆగి వస్తే అందరూ నెట్‌ను తిడతారు. అదీ చూడకుండా అనకూడదు. వీడియో మీద మౌస్ కుడి బటన్ నొక్కి "స్టాట్స్ ఫర్ నర్డ్స్" తెరవండి. బఫర్ హెల్త్ సున్నాకు పడిపోతుంటే నెట్ చాలడం లేదు. అది నిండుగా ఉండి డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంకె పెరుగుతూ పోతుంటే నెట్ బాగానే ఉంది, మీ మెషిన్ ఆ కోడెక్‌ను అందుకోలేకపోతోంది. అక్కడే ఏవీ01 అని కనిపిస్తే 2018లో వచ్చిన ఏవీ1 కోడెక్ అన్నమాట. దాన్ని విప్పే శక్తి ఇంటెల్‌లో పదకొండో తరం నుంచే ఉంది. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ దగ్గర ఏవీ1ను తక్కువ నాణ్యత ఎస్‌డీ వీడియోలకు మాత్రమే పరిమితం చేసే వీలుంది. లేదా 720పీకి దించి చూడండి. తెర ఆకుపచ్చగా మారితే ఎక్కువగా గ్రాఫిక్స్ డ్రైవర్‌నే అనుమానించాలి. బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపినప్పుడు సరైపోతే ఇక సందేహం అక్కర్లేదు.

పెళ్లి వీడియోలు తీసే సోదరులకు కూడా ఒక విన్నపం. 4కే ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి చేతిలో పెడుతున్నారు. పక్కనే 1080పీ హెచ్.264 కాపీ ఒకటి వేసి ఇవ్వండి. మీకు ఒక ఎక్స్‌పోర్ట్ ఎక్కువ, అంతే. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ఆడించకుండా ముందు హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోమని కూడా చెప్పండి. నెమ్మది పెన్‌డ్రైవ్‌ల వల్లనే ఆగిపోయే వీడియోలు చాలా ఉంటాయి.

నా వృత్తిలో ఫార్మాట్ ఎందుకింత అలవాటైందో నాకు తెలుసు. దానికి రోగం తెలియనక్కర్లేదు, ఏ ఫిర్యాదుకైనా ఒకే పని, ఒకే రేటు. కారణం వెతకడానికి పట్టిన సమయానికి డబ్బులివ్వడానికి కస్టమర్లు కూడా ఇష్టపడరు, అదీ నిజమే. అయినా కంప్యూటర్ అప్పజెప్పే ప్రతివారూ రెండు విషయాలు కాగితం మీద రాసివ్వమని అడగాలి. ఏ కారణం వల్ల ఫార్మాట్ చేస్తున్నారు? డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఎక్కడికి కాపీ చేశారు? మొదటిదానికి "స్లో అయింది" అన్న జవాబు వస్తే ఒప్పుకోకండి. రెండోదానికి జవాబు లేకపోతే కంప్యూటర్ వెనక్కి తీసుకుని వచ్చేయండి. మీ పేజీలో ఇకముందు ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు, బొమ్మ రాలేదా, మాట రాలేదా, రెండూ వచ్చి ఆగుతున్నాయా అని ముందు అడిగి, ఆ తర్వాతే జవాబు వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
కంప్యూటర్ మరమ్మతు పని చేసే ఒక పాఠకుడు,
తెనాలి