సిరంజి మూత ఏ రంగు?

మా అవ్వది చిత్తూరు దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. పొద్దున తినేముందు 20 యూనిట్ల ఇన్సులిన్ తనే వేసుకుంటుంది. పోయిన ఎండాకాలం ఉన్నట్టుండి షుగర్ 300 దాటింది. మామిడిపండ్లు తింటాందని ఇంట్లో అందరం అవ్వనే తిట్టినాం. డాక్టరు రిపోర్టు చూసి డోసు 26కి పెంచారు.

ఆ సాయంత్రం తిరుపతిలో ఫార్మ్-డి చదివే మా పెద్దమ్మ కూతురు వచ్చింది. తను రిపోర్టు అడగలేదు. "అవ్వా, సూది ఎట్ల వేసుకుంటావో చూపించు" అనింది. అవ్వ సిరంజి తీసింది. దాని మూత నారింజ రంగు. అక్క తల పట్టుకుంది.

అవ్వ వాడే బుడ్డీలో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్‌కి. మందులంగడిలో ఎర్రమూతవి అయిపోతే ఉన్నవి ఇచ్చేశారు. ఆ గీతల్లో 20 దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. తప్పు అవ్వదీ కాదు, మామిడిపండుదీ కాదు. అక్క చూడకపోయుంటే, తర్వాతి నెల ఎర్రమూత సిరంజి మళ్లీ దొరికి, 26 యూనిట్లూ నిజంగానే పోయుంటే? ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషికి షుగర్ పడిపోతే ఎవరు చూస్తారు?

సీఎస్‌ఈ వాళ్లకి ఇది తెలిసిన బగ్గే. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఇట్లాగే: ఒక టీమ్ ఇచ్చిన లెక్క పౌండ్లలో, ఇంకో టీమ్ అనుకున్నది మెట్రిక్‌లో. ఎవరి పని వాళ్లు చేశారు, మధ్యలో సరిచూసేవాళ్లు లేరు. అవ్వ విషయంలో ఆ మధ్యలో ఉండాల్సిన మనిషి ఫార్మసిస్టు అని నా అభిప్రాయం.

2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఇంతమందికి డాక్టరు ఒక్కరే అన్నీ చెప్పలేరు. డాక్టర్ని మూడు నెలలకోసారి చూస్తాం, మందులంగడికి మాత్రం ప్రతి నెలా పోతాం. అమెరికాలో యాష్‌విల్ అనే ఊళ్లో 1990ల్లోనే ఫార్మసిస్టులు షుగర్ ఉన్న ఉద్యోగులతో క్రమంగా కూర్చుని మాట్లాడారు. షుగర్ అదుపులోకి వచ్చింది, మొత్తం వైద్యం ఖర్చు కూడా తగ్గింది.

"అయితే అంగడాయన డాక్టరైపోతాడా?" అని మా నాన్న అడిగారు. కాదు. డోసు మార్చేది డాక్టరే. సిరంజి సరైనదా, మాత్ర తిండికి ముందా తర్వాతా, ఇన్సులిన్ ఎక్కడ పెడుతున్నారు అని అడిగి, తేడా ఉంటే డాక్టరుకి చెప్పడం ఫార్మసిస్టు పని. మందుల గురించి రోగికి వివరించాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లోనే ఉంది. మరి చాలాచోట్ల గోడమీద సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో నిలబడేది ఇంకొకరు. ఇది మారకుండా టీమ్ అనే మాటకి అర్థం లేదు.

క్యూలో ఇరవైమంది ఉంటే ఎప్పుడు మాట్లాడాలి అంటారా? అందరితో వద్దు. కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టినవాళ్లకి, బ్రాండో సిరంజో మారినవాళ్లకి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలకి ఫార్మసిస్టుకి ఫీజు ఇవ్వాలి, ఉచిత సేవ అంటే నాలుగు రోజులే నడుస్తుంది. పీహెచ్‌సీల్లో ఫార్మసిస్టు పోస్టులు ఉన్నాయి, అక్కడే మొదలుపెట్టొచ్చు. 2008లో వచ్చిన ఫార్మ్-డి కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్లు. అంత చదివినవాళ్లని మనం స్ట్రిప్పులు కత్తిరించడానికే వాడుకుంటే ఎట్లా?

ఈ ఆదివారం ఇంటికి పోతే ఒక పని చేయండి. అవ్వదో తాతదో ఇన్సులిన్ బుడ్డీ మీద 40 ఉందా, 100 ఉందా చూడండి. తర్వాత సిరంజి మూత రంగు చూడండి. కలవకపోతే డోసు మీరే మార్చొద్దు, వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి.