నిగ్రహమును నేర్చు మెదడు

ఒక అలవాటును విడనాడుట దానిని మరచుట కాదనియు, అదియు నొక క్రొత్త విద్యయేననియు లోకమునకు చూపినవి రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ ప్రయోగశాలయందలి కుక్కలు. మెట్రోనోమను తాళయంత్రపు టకటక వినినంతనే చొంగ కార్చుట కలవడిన కుక్కకు, శబ్దమును మాత్రమే వినిపించుచు ఆహార మీయక మానినచో, ఆ చొంగ క్రమముగా తగ్గి తుదకు నిలిచిపోవును. కాని కొంత విరామమిచ్చి మరల నా శబ్దమునే వినిపింపగా, ఆరిపోయినదనుకొన్న స్పందన తిరిగి తలయెత్తును. పాత పాఠము చెరగలేదు, అణగియున్నదంతే.

అణచియుంచున దేది? 2002లో మిలాద్, క్వర్క్ అను శాస్త్రజ్ఞులు, ధ్వనికి విద్యుదాఘాతమును జతపరచి యెలుకలకు భయము నేర్పి, పిదప ధ్వనిని మాత్రమే పలుమార్లు వినిపించి యా భయమును మాన్పిరి. మరునాడు అదే ధ్వనికి మెదడు ముందుభాగమున నడిమి పార్శ్వమందలి కొన్ని కణములు చురుకుగా స్పందించినవి. అవి యెంత చురుకైన, ఎలుక భయముతో బిగుసుకొనుట అంత తగ్గెను. పాఠము జరుగుచున్న నాడు మాత్రము వానిలో నట్టి చలనము కానరాకుండుట నాకు మిక్కిలి విచిత్రముగా తోచినది.

మనుష్యులలో నిట్టి నిగ్రహమునకు తోడ్పడు మెదడు ముందుభాగము ఇరువదియేండ్లు దాటినను పరిపక్వమగుచునే యుండును. చిన్నపిల్లల తొందరపాటును బెత్తముతో మాన్పజూచు ఉపాధ్యాయులు ఈ సంగతిని ముందుగా గ్రహింపవలెనని నా కోరిక.