ఆకాశమునుండి చేనిపరీక్ష

పాలమూరు జిల్లానుండి 2016 అక్టోబరులో వేఱుపడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో జూరాల కాలువలును, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలును మెట్టచేల రూపమునే మార్చినవి. నీరు వచ్చినది, దానితో పెట్టుబడియు పెరిగినది. కావున పైరునకు కలుగు కీడును ముందుగా కనిపెట్టవలసిన అగత్యమును హెచ్చినది. ఈ కార్యమునకు బహువర్ణచిత్రములు తీయు డ్రోను మిక్కిలి తోడ్పడగలదని మా యభిప్రాయము.

ఇందలి సూత్రము సులభమైనది. ఆరోగ్యముగ నున్న ఆకు ఎఱ్ఱని వెలుగును మ్రింగి, మన కంటికి కానరాని పరారుణ కిరణములను విస్తారముగ వెనుకకు పంపును. ఆకు నీరసించినపుడు ఈ తారతమ్యము తగ్గును. 1988లో మనదేశము పంపిన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహమును ఇట్టి కిరణములనే కొలిచినది. కాని ఆ చిత్రమున ఒక్కొక్క చుక్క పదుల మీటర్ల నేల. డ్రోనుచిత్రమున కొన్ని సెంటీమీటర్లే. నడిగడ్డలో పత్తివిత్తనము పండించు చిన్న కమతములకు ఈ భేదము స్వల్పము కాదు. అచ్చట పువ్వుపువ్వునకును చేతితో పుప్పొడి నద్దుదురు. చేనిలో కొంతభాగము చెడినను కూలియు, విత్తనమును రెండును నష్టమే.

అయితే డ్రోను చెప్పునది 'ఎచ్చట' అనుమాటయే గాని 'ఎందువలన' అనుమాట కాదు. నీటికొఱత, నత్రజనికొఱత, పురుగు, ఈ మూడును చిత్రమున ఇంచుమించు ఒకేరీతిగ కానవచ్చును. కలుపుమొక్కయు పచ్చగనే తోచును. పైరు పలుచగ నున్నపుడు నేలరంగు లెక్కను తప్పించును. కావున చిత్రము చేతబట్టుకొని చేనిలోనికి దిగు మనుష్యుడు కావలెను.

తెలంగాణమున సుమారు 5,000 ఎకరములకొక వ్యవసాయ విస్తరణాధికారి చొప్పున 2,601 రైతువేదిక లేర్పడినవి. అంతనేలను కాలినడకను చూచుట ఒక్కరికి సాధ్యమా? మొదట ఎచ్చటికి పోవలెనో చిత్రము చూపినచో ఆ శ్రమ సార్థకమగును. మహిళాసంఘములకు 15,000 డ్రోనుల నిచ్చు పథకమును కేంద్రప్రభుత్వము 2023లో ఆమోదించినది. అవి ముఖ్యముగ మందులు చల్లుటకు. పైరు పరీక్షకును ఇట్టి యేర్పాటే కావలెను.

ఒక్కమాట గట్టిగ చెప్పవలసియున్నది. చేను రైతుది, చేని చిత్రమును రైతుదే. విత్తనవ్యాపారియో, బీమాసంస్థయో, అప్పిచ్చినవాడో దానిని దాచియుంచి, పంట పోయిననాడు రైతునకు ప్రతికూలసాక్ష్యముగ తెచ్చుట న్యాయము కాదు. తీసిన ప్రతిచిత్రమును, తెలుగు వివరణముతో, ఆ చేని రైతునకు రైతువేదికలో ఉచితముగ చూపవలెను. నష్టపరిహారవివాదమున దానిని చూపుకొను హక్కు అతనికి ఉండవలెను. ఈ నిబంధనము లేనిదే ఎన్ని డ్రోనులు వచ్చినను రైతునకు ఒరుగునది లేదు. అధికారులును, ఈ జిల్లాల భూస్వాములును, పట్టణములలోని విద్యావంతులును ఇందులకు పూనుకొందురని ఆశించుచున్నాము.